పాత ఇంటాగ్లియో నగలు – 3వ పాఠం: ముద్ర తీసి చదవడం

పోయిన పాఠంలో రాయినీ గాజునూ వేరుచేశాం. ఈసారి ముద్ర, అంటే రాయిని మెత్తటి క్లేలో నొక్కి తీసే అచ్చు. ఇంటాగ్లియోలో బొమ్మ లోపలికి దిగి ఉంటుంది. ముక్కు, చెంప లాంటి ఎత్తైన భాగాలే రాతిలో అన్నిటికన్నా లోతు. అందుకే రాయిని ఎంత తేరిపార చూసినా పనితనం సగమే తెలుస్తుంది.

ముందు పొదుగు, అంటే రాయిని పట్టి ఉంచే లోహపు చట్రం చూడండి. రాయి కదులుతున్నా, పగులు కనిపించినా ముద్ర జోలికి పోవద్దు. వెనక మూసిన పొదుగైతే నీళ్లు అసలే తగలకూడదు. రాయి వెనక పెట్టిన పల్చటి లోహపు రేకు నల్లబడితే రాయి రంగే మారిపోతుంది. పొడి మెత్తటి బ్రష్ చాలు.

మోడలింగ్ క్లేని 8 మి.మీ. మందంగా చేసి, నడిమి భాగం కాస్త ఉబ్బేలా నున్నగా దిద్దండి. చిటికెడు టాల్కం పౌడరు అద్ది, మిగతాది బ్రష్‌తో దులిపెయ్యండి. రాయిని నిటారుగా నొక్కి, నిటారుగానే ఎత్తండి. క్లే చదునుగా ఉంటే గాలి లోపల చిక్కి ముక్కు మొండిగా పడుతుంది. ఆ తప్పు చెక్కినవాడిది కాదు, మీది! పౌడరు ఎక్కువైతే జుట్టు పాయలు పూడిపోతాయి. పక్కకి లాగితే గీతలు జంటగా వస్తాయి. పాతవాళ్లు వాడిన వేడి లక్క మాత్రం వద్దు. గాజు ముక్కయితే పగలొచ్చు.

ఇక చదవడం. గది చీకటి చేసి, టార్చి వెలుగు పక్కనుంచి బల్లకు దాదాపు ఆనించి వెయ్యండి. 10 రెట్ల భూతద్దం పట్టండి. నూనెలో కలిపిన వజ్రపు పొడితో, తిరిగే చిన్న ఇనుప చక్రాలతో కోసిన రాయైతే కనురెప్ప అంచు, పెదవి మూల పదునుగా ఉంటాయి. అచ్చుపోసిన గాజులో అవే అంచులు కరిగిన సబ్బులా గుండ్రబడతాయి. గాజు పైన పగిలిన బుడగల గుంటలు ముద్రలో చిన్న చిన్న మొటిమలై తేలతాయి. ఇది దాదాపు మోసం చేయని గుర్తు.

సంతకం రాతిపై తిరగబడి, ముద్రలో సరిగ్గా పడాలి. రోమ్‌లో పనిచేసిన పిచ్లర్లు (రాళ్లు చెక్కే కుటుంబం) సంతకాన్ని గ్రీకు అక్షరాల్లో చెక్కేవారు; వాళ్లలో లుయీజీది అయితే పేరు ముందు లామ్డా (గ్రీకు ‘ల’ అక్షరం, Λ) ఉంటుంది. అయినా సంతకం చూసి మురిసిపోకండి. పోలండ్‌కి చెందిన పోనియాతోవ్‌స్కీ ప్రిన్స్ సేకరించిన దాదాపు 2,500 రాళ్లలో చాలావాటిపై ఉన్న ప్రాచీన శిల్పుల పేర్లు కొత్తగా చెక్కినవే. 1839లో లండన్‌లో అవి వేలానికి వచ్చాయి.

అభ్యాసం: వాటికన్‌లోని బెల్వెడేర్ అపోలో అనే ప్రాచీన దేవతా విగ్రహం తల, ఎదుట నిలబడి చూస్తే మన కుడివైపుకి తిరిగి ఉంటుంది. ఆ తల చెక్కిన రాయి దొరికితే ముద్ర తీసి, ముఖం ఎటు తిరిగిందో రాసుకోండి. ఎడమకు తిరిగితే, చెక్కినవాడు విగ్రహాన్ని చూసినదాన్ని చూసినట్టే రాతిలో దింపి ఉండొచ్చు.