దీపపు ఎరకు మిత్ర పురుగులు బలికాకుండా చూసుకోవడం ఎలా?

వరిచేనులో రాత్రంతా వెలిగిన దీపపు ఎర కింద పళ్ళెంలోని సబ్బునీటిని తెల్లవారాక గుడ్డలో వడకడితే, కాండం తొలిచే పురుగు తాలూకు పసుపు రెక్కల పురుగులు, రెక్కలున్న సుడిదోమలే కాక, ఆ సుడిదోమ గుడ్లను పీల్చి బతికే చిన్న మిరిడ్ నల్లులు కూడా కనిపిస్తాయి. చాలా పురుగుల కళ్ళు అతినీలలోహిత, నీలి, ఆకుపచ్చ కాంతులను బాగా పట్టుకుంటాయి. ఎరుపు వాటికి దాదాపు ఆనదు. అందువల్ల అతినీలలోహిత దీపం పెడితే చేటు చేసేవాటితో పాటు మేలు చేసేవీ వచ్చి పడతాయి.

కాబట్టి దీపాన్ని సాయంత్రం 6 నుంచి 10 గంటల వరకే వెలిగించి ఆర్పివేయాలి. పత్తి, శనగ చేలలో పట్టవలసినవి పెద్ద రెక్కల పురుగులే కనుక, నీళ్ళ పళ్ళెం మానేసి, చిన్న పురుగులు బయటపడేంత కన్నాలున్న జాలీ పెట్టెను కింద అమర్చడం మంచిది. వరిలో మాత్రం ఈ జాలీలోంచి సుడిదోమ కూడా తప్పించుకుంటుంది. అక్కడ దీపాన్ని పురుగు ఉధృతిని అంచనా వేయడానికే వాడాలని నా అభిప్రాయం. దీపం దగ్గరకు వచ్చే నలుపు, నారింజ చారల సన్నని పెంకుపురుగు ఒంటిమీద నలిగితే బొబ్బలు లేస్తాయి గాని, అది కూడా సుడిదోమలను తినే మిత్రుడే. నలపకుండా ఊది దులిపేయాలి.

మిత్ర పురుగులను రంగుతో రప్పించుకోవడమూ సాధ్యమే. జపాన్‌లో ఆరుబయటి వంకాయ తోటలలో 405 నానోమీటర్ల ఊదారంగు ఎల్ఈడీ దీపాలు వెలిగించినప్పుడు, తామర పురుగులను తినే ఓరియస్ నల్లులు మొక్కల మీద పెరిగి, తామర పురుగులు తగ్గాయని 2016లో ప్రచురించారు. ఆ దీపం కింద పళ్ళెం, జిగురు ఏవీ ఉండకూడదు. మన చేలలో తిరిగే ఓరియస్ జాతులు వేరు కనుక, ముందుగా మిరపలో నాలుగు సాళ్ళకు పెట్టి, పూలు దులిపి తెల్లకాగితం మీద లెక్కపెట్టి చూడాలి.

పగటిపూట జిగురు అట్టలతోనూ ఇదే జాగ్రత్త అవసరం. తెల్లదోమ కోసం కట్టిన పసుపు అట్టకు అక్షింతల పురుగులు, పేనుబంకను తినే పిల్లపురుగులను కనే పూల ఈగలు కూడా అతుక్కుంటాయి. తామర పురుగులే సమస్య అయితే నీలి అట్టలు చాలు. పసుపు అట్ట మీద అక్షింతల పురుగులు ఎక్కువగా కనబడినా, పేనుబంకను తినే మరో మిత్ర పురుగైన క్రైసోపా గుడ్లు ఆకుల మీద వెంట్రుకలాంటి కాడల చివర నిలిచి కనబడినా, ఆ రోజే అట్టలను తీసివేయాలి.