ఇంటి మీద బ్యాంకు నోటీసు వచ్చిందా? 60 రోజుల్లో చేయాల్సిన పనులు

పదకొండేళ్లు బ్యాంకు రికవరీ విభాగంలో పనిచేశాను. హోమ్‌లోన్ కట్టనివాళ్లకు వెళ్లే నోటీసుల్లో 'ఆథరైజ్డ్ ఆఫీసర్' అన్నచోట నా సంతకమే ఉండేది. రిటైరయ్యాక అవే నోటీసులు పట్టుకుని కాలనీవాళ్లు మా ఇంటికి వస్తున్నారు. వచ్చేది మాత్రం గడువు దాటిన వారానికి. కవరు టీవీ కింద పెట్టి, రోజూ దాన్ని చూస్తూ, దేవుడికి మొక్కుకుని, అన్నీ అయ్యాక వస్తారు. నాకు విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

కావాల్సినవి: నోటీసు (కవరుతో సహా, దానిమీద పోస్టాఫీసు ముద్ర ఉంటుంది, పారేయకండి), శాంక్షన్ లెటర్, మొదటినుంచీ లోన్ స్టేట్‌మెంటు, ఈఎంఐలు కట్ అయ్యే సేవింగ్స్ ఖాతా స్టేట్‌మెంటు, ఒక స్కేలు, ఎర్ర పెన్ను.

నోటీసు ఇంకా రానివాళ్లకు ఒక్క మాట. వాయిదా బకాయిపడి 90 రోజులు దాటితే ఖాతా మొండిబాకీ, అంటే బ్యాంకు భాషలో ఎన్‌పీఏ అవుతుంది. గడువు పెంచమని, ఈఎంఐ తగ్గించమని అడిగేదేదో ఆ లోపే అడగండి. ఎన్‌పీఏ అయ్యాక ఒకటి రెండు ఈఎంఐలు కడితే ఖాతా బాగుపడదు. పాత బకాయి అంతా కడితేనే మళ్లీ మామూలు ఖాతా అవుతుందని రిజర్వు బ్యాంకు 2021 నవంబరులో తేల్చి చెప్పేసింది.

మొదటి పని, కవరు తీసుకోవడం. పోస్ట్‌మ్యాన్‌ని తిప్పి పంపితే నోటీసు అందనట్టేనని ఎవరు పుట్టించారో గాని, చాలామంది నమ్ముతున్నారు. తిప్పి పంపితే అదే కాగితం మీ తలుపుకు అంటిస్తారు, రెండు పేపర్లలో వేస్తారు, అందులో ఒకటి తెలుగు పేపరు. అంతవరకు మీకూ పోస్ట్‌మ్యాన్‌కూ తెలిసిన సంగతి అపార్ట్‌మెంటు మొత్తానికి తెలుస్తుంది. అమెరికాలో ఉద్యోగం పోయి, ఇక్కడి ఫ్లాటు ఈఎంఐ ఆగినవాళ్లూ ఈమధ్య ఎక్కువగానే వస్తున్నారు. వాళ్లు ముందు బ్యాంకులో చిరునామా, ఈమెయిలు మార్పించుకోవాలి. తలుపుకు అంటించిన కాగితాన్ని వాచ్‌మన్ చించి మీటర్ల గదిలో పెడితే, డాలస్‌లో ఉన్నవాడికి తెలిసేదెలా?

రెండో పని, తేదీ. నోటీసు సర్ఫేసీ చట్టం, 2002లోని 13(2) సెక్షన్ కింద వస్తుంది. కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని బ్యాంకు తీసుకునేందుకు వీలిచ్చే చట్టం ఇది. బాకీ కట్టడానికి గడువు 60 రోజులు. నా లెక్కలో మాత్రం మీకున్నది 30 రోజులే. క్యాలెండరులో ముప్ఫయ్యో రోజు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. చట్టం 60 ఇస్తే మీరెవరు తగ్గించడానికి అంటారా? మీ ఉత్తరానికి జవాబివ్వడానికి బ్యాంకుకు 15 రోజులుంటాయి. ఆ జవాబు వచ్చాక కూడా మీ చేతిలో నాలుగు రోజులు మిగలాలి.

పనిలో పనిగా అసలు ఈ చట్టం మీకు వర్తిస్తుందో లేదో చూసుకోండి. తీసుకున్న అసలు, దానిమీది వడ్డీ కలిపినదాంట్లో ఇప్పుడున్న బాకీ 20 శాతంకన్నా తక్కువైతే బ్యాంకు ఈ చట్టం వాడకూడదు. లక్ష రూపాయలు మించని బాకీకీ వాడకూడదు. వ్యవసాయ భూమికీ మినహాయింపు ఉంది గాని, పాస్‌బుక్కులో పొలమని రాసుంటే చాలదు, నిజంగా సాగులో ఉండాలి.

మూడోది అభ్యంతర లేఖ. అందరూ బోల్తా పడేది ఇక్కడే.

2004లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని నిలబెడుతూనే, అప్పు తీసుకున్నవాడి అభ్యంతరం వినాల్సిందేనంది. అదే ఏడు చట్టంలో 13(3ఎ) చేరింది. మీరు అభ్యంతరం రాస్తే బ్యాంకు దాన్ని పరిశీలించాలి, కాదంటే కారణాలు చెబుతూ 15 రోజుల్లో జవాబివ్వాలి. ఇంత హక్కు చేతిలో పెడితే జనం ఏం రాస్తారో తెలుసా? "అయ్యా, మా ఆవిడకు ఆపరేషన్ అయింది, వ్యాపారం దెబ్బతింది, దయచేసి ఇల్లు తీసుకోకండి, ఎలాగైనా మొత్తం కట్టేస్తాను." ఇలాంటి ఉత్తరం నా టేబుల్ మీదికి వస్తే ఫైల్లో ఒక్క వాక్యం రాసేవాణ్ణి: 'రుణగ్రహీత బాకీని అంగీకరించారు.' అంతటితో మీ అభ్యంతరం అయిపోయినట్టే. చదువుతూ నేనూ బాధపడేవాణ్ణి, కానీ ఫైల్లో బాధకు గడి లేదు.

కాబట్టి కష్టాలు ఈ ఉత్తరంలో రాయకండి. వన్ టైమ్ సెటిల్‌మెంట్ (బాకీ కొంత తగ్గించి ఒకేసారి కట్టించుకోవడం) అడగాలంటే దానికి వేరే ఉత్తరం, వేరే రోజున. అది హక్కు కాదని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. అడగండి, ఆశ మాత్రం పెట్టుకోకండి.

మరి రాయాల్సిందేమిటి? అంకెలు. లోన్ స్టేట్‌మెంటు మీద స్కేలు పెట్టి ఒక్కో వరుసా కిందికి జరుపుతూ, సేవింగ్స్ ఖాతాతో పోల్చి చూడండి. ఫోన్లో వేలితో జరుపుకుంటూ చూస్తే కనబడదు, ప్రింటు తీయాల్సిందే. కిందటేడు మా వీధి చివరి మాస్టారు ఇలాగే నోటీసు తెచ్చారు. వంటింట్లో చాప మీద కాగితాలు పరిచి రెండు గంటలు చూశాం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆయన సేవింగ్స్ ఖాతాలోంచి 21,350 చొప్పున రెండుసార్లు వెళ్లింది. లోన్ ఖాతాలో ఆ రెండూ లేవు, ఏ ఖాతాదో తేలని డబ్బు పెట్టే బ్యాంకు సస్పెన్స్ ఖాతాలో పడుకుని ఉన్నాయి. వాటిని కలిపి లెక్కేస్తే, ఎన్‌పీఏ అని రాసిన తేదీకి 90 రోజులు నిండనే లేదు. ఎన్‌పీఏ కాకపోతే 13(2) నోటీసుకు కాళ్లే లేవు. పేజీన్నర ఉత్తరం రాశాం. పదమూడో రోజున నోటీసు వెనక్కి తీసుకున్నామని జవాబు వచ్చింది. క్షమాపణ లాంటిదేమీ అందులో లేదు.

ఎర్ర పెన్ను పెట్టాల్సిన చోట్లు ఇంకా ఉన్నాయి. ఆలస్య రుసుము వడ్డీ రేటులో కలపకూడదు, దానిమీద మళ్లీ వడ్డీ వేయకూడదు. రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఇచ్చిన ఈ ఉత్తర్వు 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. నోటీసులో ఫ్లాటు నంబరు, తూర్పు పడమర హద్దులు మీ దస్తావేజుతో సరిపోలాయా చూడండి. తప్పుంటే ఉన్నదున్నట్టు రాయండి. లేని తప్పు మాత్రం పుట్టించకండి. ఒక్క అబద్ధం దొరికితే మిగతా నిజాలు ఎవరూ చదవరు.

ఉత్తరం ఇంగ్లీషులో, టైపు చేయించి, రెండు పేజీలు దాటకుండా ఉండాలి. బ్రాంచి మేనేజరుకి కాదు, నోటీసు కింద సంతకం చేసిన ఆథరైజ్డ్ ఆఫీసరుకి పంపాలి. స్పీడ్ పోస్టులో ఒకటి, ఈమెయిల్లో ఒకటి, బ్రాంచిలో స్వయంగా ఇచ్చి ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకున్న కాపీ ఒకటి. వాట్సాప్‌లో పంపి నీలం టిక్కులు చూపించేవాళ్లతో నేను వాదించను.

బ్యాంకు కాదందనుకోండి. వెంటనే డీఆర్‌టీకి (బ్యాంకు అప్పుల కేసులు వినే ట్రిబ్యునల్) పరుగెత్తకండి, ఆ తిరస్కరణ ఒక్కటే అక్కడ కేసుకు చాలదు. 13(4) కింద స్వాధీన నోటీసు అంటించాక 45 రోజుల్లో వెళ్లాలి. మనకు డీఆర్‌టీలు హైదరాబాదులో, విశాఖపట్నంలో ఉన్నాయి. 25 లక్షల బాకీకి ఫీజు 8,750 రూపాయలు. మీ ఉత్తరానికి బ్యాంకు అసలు జవాబే ఇవ్వకపోయి ఉంటే అక్కడ మీకు అదే పెద్ద బలం. ఇన్‌వర్డ్ ముద్ర పనికొచ్చేది అప్పుడే.

'హైకోర్టు నుంచి స్టే తెప్పిస్తాం' అంటూ యాభై వేలు అడిగే మధ్యవర్తులు కోర్టు చుట్టూ తిరుగుతుంటారు. సివిల్ కోర్టుకు ఈ విషయంలో అధికారం లేదు. డీఆర్‌టీ ఉండగా హైకోర్టులు ఇలాంటి రిట్లు తీసుకోకూడదని 2010లోనే సుప్రీంకోర్టు గట్టిగా అంది. ఆ యాభై వేలు బకాయిలో కట్టండి.

నోటీసు వచ్చాక బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఇల్లు అమ్మకూడదు, లీజుకివ్వకూడదు. అనుమతి తీసుకుని మీరే అమ్ముకోవడం వేలంకన్నా నయం. వేలంలో కొనడానికి వచ్చేవాడు బేరం కోసమే వస్తాడు.

చివరిగా ఒక తేదీ. పూర్వం ఇల్లు అమ్ముడయ్యే రోజుదాకా బాకీ కట్టి విడిపించుకునే హక్కు ఉండేది. 2016లో చట్టం మార్చారు. ఇప్పుడు వేలం ప్రకటన పేపర్లో పడేదాకానే ఆ హక్కు. 2023లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. స్వాధీన నోటీసు అంటించాక ఆ ప్రకటన ఎప్పుడు పడినా పడొచ్చు, కాబట్టి డబ్బు సమకూరిన రోజే వెళ్లి కట్టేయండి. నా సర్వీసు చివరి ఏడాదిలో ఒకాయన ప్రకటన పడ్డ రోజు పొద్దున్నే, షట్టరు ఎత్తకముందే వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. చొక్కా జేబులో పూర్తి మొత్తానికి డీడీ, చేతిలో ఆ పేపరు. పైఆఫీసుకి మూడుసార్లు ఫోన్ చేశాను. కుదరదన్నారు.