కడప ఎండలో మిద్దె మీద పూలమొక్కలు బతకాలంటే

ఏప్రిల్ వచ్చిందంటే నన్ను అందరూ అడిగేది ఒకటే. "రెండు పూటలా నీళ్లు పోస్తానే ఉండాను, మొక్క ఎందుకు చచ్చిపోతాంది?" అని. నీళ్లు చాలక కాదు, చాలాసార్లు వేర్లు ఉడికిపోయి చస్తుంది. మా మిద్దె మీద పరిచింది కడప బండ. మే నెలలో మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా దాని మీద నాలుగడుగులు వేయలేం. ఆ రాయి మీదనే నల్ల ప్లాస్టిక్ కుండీ పెట్టి, అందులో మల్లె నాటి, పూలు రాలేదని బాధపడితే ఎట్లా? ఒకసారి రెండు గంటలప్పుడు కుండీ పక్కన అరచెయ్యి ఆనించి చూడండి. లోపల వేరు ఎంత వేడిలో ఉందో అర్థమవుతుంది.

కాబట్టి ముందు కుండీ సంగతి చూడండి. కింద రెండు ఇటుకలు పెట్టి ఎత్తండి, గాలి ఆడుతుంది. కుండీలను దూరదూరంగా అలంకరణకు పెట్టినట్టు పెట్టకుండా ఒకదానికొకటి ఆనించి గుంపుగా పెట్టండి. పడమటి వైపు గన్నేరు, కాగితం పూలు లాంటి మొండివి, వాటి చాటున నాజూకువి. ఎండ నేరుగా తగిలే కుండీలకు పాత గోనెసంచి చుట్టి తడుపుతూ ఉంటే చాలు. మట్టి మీద రెండు అంగుళాల మందాన చెనక్కాయ పొట్టు పరవండి. మన పక్క దానికేమీ కరువు లేదు, చెనక్కాయలు ఆడించే మిల్లులో అడిగితే సంచులకొద్దీ దొరుకుతుంది. కాండానికి మాత్రం తగలనీయకండి, చుట్టూ ఒక అంగుళం ఖాళీ వదలాలి, లేకపోతే మొదలు కుళ్లుతుంది, చెదలు కూడా పడతాయి.

నీళ్లు పొద్దున ఏడు లోపల. మధ్యాహ్నం ఆకులు వాలిపోయాయని కంగారుపడి బకెట్ తీసుకుని పరిగెత్తకండి. వేడికి ఆకు అట్లా వాలుతుంది, సాయంత్రానికి మళ్లీ లేస్తుంది. మరుసటి రోజు పొద్దున కూడా వాలే ఉంటే అప్పుడు వేలు మట్టిలో రెండో కణుపు దాకా దించి చూడండి. పొడిగా ఉంటే దాహం, తడిగా ఉండి కూడా వాలిందంటే వేరు కుళ్లు, దానికి నీళ్లు ఆపడమే మందు. నేను చేసిన ఘనకార్యం కూడా చెప్తాను. రోజంతా ఎండలో పడి ఉన్న పైపును పట్టుకుని, లోపల నిలిచిన నీళ్లు వదిలేయకుండా నేరుగా కనకాంబరాల మీద కొట్టాను. కాఫీకి కాచినంత వేడి నీళ్లు. రెండు రోజుల్లో ఆరు మొక్కలు నల్లబడి పోయాయి.

ఇంకొకటి, మన బోరు నీళ్లు ఉప్పు. మట్టి మీద, కుండీ అంచుల మీద తెల్లటి పొర కడుతుందే, అది అదే. ఆర్ఓ మిషన్ వదిలే నీళ్లు వృథా పోతున్నాయని మొక్కలకు పోసేవాళ్లున్నారు, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ, పోయకండి. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పుండదు, బోరు నీళ్లలో కలిపి పోసుకోవచ్చు. పదిహేను రోజులకోసారి అడుగు రంధ్రం నుంచి ధారగా కారేదాకా నీళ్లు పెడితే పేరుకున్న ఉప్పు కొంత కొట్టుకుపోతుంది.

ఇక మల్లె. మల్లె మొగ్గ వేసేది కొత్త చిగురు కొసనే, ఈ ఒక్క మాట పట్టుకుంటే చాలు. సంక్రాంతి ముందు కొన్నాళ్లు నీళ్లు తగ్గించి, పండగ అయ్యాక కొమ్మలను సగానికి కత్తిరించి, మిగిలిన ఆకు దూసేసి, పశువుల ఎరువు వేసి నీళ్లు పెట్టండి. మోడులా నిలబడిన మొక్కను చూసి మా అత్త "చంపేసినావు కదమ్మా" అనింది. ఒంటిమిట్ట కల్యాణం నాటికి ఆమెనే దండిగా కోసుకుని మాల కట్టింది. ఒక విడత పూలు అయిపోగానే ఆ కొసలను రెండు కణుపులు కిందికి తుంచేయాలి, ఇది బద్ధకించే చాలామందికి రెండో విడత రాదు. వలలు కట్టి పూర్తి నీడలో పెట్టినా పూయదు, పొద్దుటి ఎండ పడాల్సిందే. మొగ్గలు ఊదారంగుకు తిరిగితే లోపల పురుగు తొలుస్తోందని అర్థం, ఏరి దూరంగా పారేయండి, అక్కడే రాల్చొద్దు.

ఎరువుకు చెనక్కాయ చెక్క (నూనె తీయగా మిగిలే పిప్పి) పిడికెడు రెండు లీటర్ల నీళ్లలో మూడు రోజులు నానబెట్టి, పైన తేరిన నీళ్లు ఒక మగ్గుకు పది మగ్గుల మామూలు నీళ్లు కలిపి పోయండి. వాసన వస్తుంది, ఇంట్లో తిట్లు తినాలి, వేరే దారి లేదు. వాడిపోయిన మొక్కకు మాత్రం ఎరువు వద్దు.

మందారానికి పిండినల్లి (తెల్లటి దూదిలా అంటుకునే పురుగు) పడితే ముందు చీమలను చూడండి, ఆ నల్లిని ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు మోసేది చీమలే. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి పొద్దు వాలాక కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

కష్టం లేకుండా పూలు కావాలంటే టేబుల్ రోజ్. వేలెడు ముక్క తుంచి గుచ్చితే చాలు. బిళ్ళగన్నేరుకు, కాగితం పూలకు నీళ్లు తగ్గిస్తేనే మేలు, ఎక్కువైతే మొదటిది కుళ్లుతుంది, రెండోది ఆకులే వేస్తుంది. ఎడారి గులాబీ, గన్నేరు పాలు విషం, పిల్లలున్న ఇంట్లో అందేచోట పెట్టకండి.

కనకాంబరానికి మాత్రం నీడవల కట్టండి, సగం ఎండ ఆపేది చాలు. ఎండిన కంకుల మీద నీళ్లు చల్లితే కాయలు టప్‌మని పగిలి గింజలు ఎగిరి పడతాయి. కింద గుడ్డ పరిచి ఏరుకోండి, వానలు పడగానే నాటుకోవచ్చు. నా ఆరు మొక్కల స్థానంలో ఇప్పుడున్నవి అట్లా వచ్చినవే.