లారీ ఇంజిన్ దూరం పంపేటప్పుడు చాంబర్ జాగ్రత్త

కర్నూలు, అనంతపురం నుంచి నాగపూర్, ఢిల్లీ వైపు లారీ ఇంజిన్ పార్సిల్ వేసేవాళ్లు ముందుగా చూసుకోవాల్సింది ఆయిల్ చాంబర్, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి. ఆరు సిలిండర్ల ఇంజిన్ అరటన్ను దాకా ఉంటుంది. ఆ బరువంతా పల్చటి రేకు చాంబర్ మీద పడితే మొదటి గుంతకే సొట్ట పోతుంది, లోపల ఆయిల్ పంపు జాలీ నలుగుతుంది. ఇంజిన్‌ను విడి టైర్ల మీద కూర్చోబెట్టి పంపడం అసలు వద్దు, దారి పొడవునా ఊగుతూనే ఉంటుంది.

సి-చానల్‌తో (సి ఆకారపు ఇనుప పట్టీతో) ఫ్రేమ్ వెల్డింగ్ చేయించి, ఇంజిన్ మౌంటింగుల దగ్గరే, అంటే బండికి ఇంజిన్‌ను బిగించే చోట్లే, బోల్టు వేయండి. చాంబర్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య రెండంగుళాల ఖాళీ ఉండాలి. ఫ్రేమ్ కింద నాలుగంగుళాల తుమ్మ దుంగలు రెండు పెడితే ఫోర్క్‌లిఫ్ట్ పళ్లు దూరతాయి. దారిలో గోడౌన్‌లో బండి మారిస్తే ఇవి లేని ఇంజిన్‌ను గడ్డపారలతో దొర్లిస్తారు.

ఆయిల్, కూలెంట్ పూర్తిగా దించేయండి. టర్బో (ఇంజిన్‌లోకి గాలి నెట్టే పరికరం) నోటికి, డీజిల్ పైపులకు గట్టి మూతలు పెట్టండి. గుడ్డ కుక్కితే అది లోపలికే పోతుంది. సెల్ఫ్ మోటార్, ఆల్టర్నేటర్ విప్పి వేరే పెట్టెలో పంపడం మేలు. లోడు కట్టే బెల్టులు ఇంజిన్ బ్లాక్‌కు, ఫ్రేమ్‌కు వేయాలి, పైపుల మీదుగా కాదు.

సరుకు విలువ యాభై వేలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ ఆన్‌లైన్ పత్రం) ఉండాలి. బిల్లులో ఇంజిన్ నంబర్ రాయించండి, ఆర్సీలో ఇంజిన్ మార్పు ఎక్కించేటప్పుడు అదే అడుగుతారు. దింపేచోట చైన్ బ్లాక్ (గొలుసుతో బరువు ఎత్తే కప్పీ) ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.