మన నియోజకవర్గం చరిత్ర మనమే చదువుకుందాం – 3వ పాఠం: మెజారిటీ పక్కన ఏం రాయాలి?

పోయిన పాఠంలో చెప్పినట్టు అందరూ నోటుబుక్కులో గడులు గీసుకునే ఉంటారు: సంవత్సరం, గెలిచినవారు, పార్టీ, రెండో స్థానం, మెజారిటీ. ఈసారి నంద్యాల లోక్‌సభ సీటు తీసుకుందాం. నంద్యాలే ఎందుకంటే, ఫలితాల పట్టిక మనల్ని ఎన్ని రకాలుగా పొరపాటు పడేలా చేస్తుందో ఈ ఒక్క సీటులోనే బాగా తెలుస్తుంది.

ముందు 1991 చూడండి. సార్వత్రిక ఎన్నికల లిస్టు ఒక్కటే దగ్గర పెట్టుకుంటే అక్కడ కాంగ్రెస్ నుంచి గంగుల ప్రతాపరెడ్డి పేరు ఉంటుంది, దాని కింద వరసలో 1996, పీవీ నరసింహారావు పేరు. అది చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది? ప్రతాపరెడ్డి ఐదేళ్లూ ఎంపీగా ఉన్నారు, ఆ తర్వాత టికెట్ పీవీకి వెళ్లింది, అంతే కదా అనిపిస్తుంది. నేనూ మొదట్లో అలాగే రాసుకుని, తర్వాత తెలిశాక రెండు గీతల మధ్య చిన్న అక్షరాలతో ఇరికించాల్సి వచ్చింది. జరిగింది ఏంటంటే, 1991 జూన్‌లో ప్రధాని అయ్యేనాటికి పీవీ ఎంపీ కాదు, ఆ ఎన్నికల్లో ఆయన పోటీయే చేయలేదు. ఆరు నెలల్లోపు ఏదో ఒక సభలో సభ్యుడు కావాలి. ప్రతాపరెడ్డి రాజీనామా చేసి సీటు ఖాళీ చేశారు, నవంబర్‌లో ఉప ఎన్నిక జరిగింది.

అందుకే ప్రతి రెండు ఎన్నికల మధ్యా ఒక గీత ఖాళీ వదలండి. నంద్యాలకి ఆ ఖాళీ గీత మూడుసార్లు పనికొస్తుంది. 1977లో రాష్ట్రంలోని 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కి పోతే, జనతా పార్టీ గెలిచిన ఆ ఒక్కటీ నంద్యాలే, గెలిచింది నీలం సంజీవరెడ్డి. కొన్ని నెలలకే ఆయన రాష్ట్రపతి అయ్యారు, సీటు ఖాళీ అయింది. 1991 సంగతి చూశాం. ఇక 1996లో పీవీ ఇక్కడా, ఒడిశాలోని బరంపురంలోనూ గెలిచి బరంపురం ఉంచుకున్నారు, నంద్యాల ఉప ఎన్నికలో తెలుగుదేశం నుంచి భూమా నాగిరెడ్డి గెలిచారు.

ఇప్పుడు అసలు పాఠానికి వద్దాం. 1991 ఉప ఎన్నికలో పీవీకి 6,26,241 ఓట్లు, బీజేపీ అభ్యర్థి బంగారు లక్ష్మణ్‌కి 45,944. తీసేయండి: 5,80,297. ఇంకో లెక్క కూడా వేయండి, పెద్ద అంకెని చిన్న అంకెతో భాగిస్తే సుమారు 13.6 వస్తుంది, అంటే లక్ష్మణ్‌కి ఒక ఓటు పడితే పీవీకి పదమూడు పైన పడ్డాయి. దీన్ని పీవీ మీద అభిమానం అని రాసేసి ఊరుకునేవాళ్లే ఎక్కువ. అది సగమే నిజం. మిగతా సగం పట్టికలో కనపడదు, ఎందుకంటే పట్టికలో నిలబడ్డవాళ్ల పేర్లే ఉంటాయి, నిలబడనివాళ్ల పేర్లు ఉండవు. రాష్ట్రంలో ప్రధాన ప్రతిపక్షంగా ఉన్న తెలుగుదేశం ఆ ఎన్నికలో అభ్యర్థినే పెట్టలేదు. మొదటిసారి ఒక తెలుగువాడు ప్రధాని అయ్యాడు, ఆయన మీద పోటీ పెట్టకూడదని ఎన్టీఆర్ నిర్ణయించారు. కాంగ్రెస్‌ని ఎదిరించడానికే పుట్టిన పార్టీ అలా పక్కకి తప్పుకోవడం నా దృష్టిలో ఆ 5.8 లక్షల కన్నా పెద్ద విషయం, నోటుబుక్కులో దానికి ఒక గడి ఇచ్చి తీరాలి. ఆ గడి పేరు “ఎవరు లేరు?” అని పెట్టుకోండి.

అది సరైన గడో కాదో చూసుకోవడానికి కింద 1996 వరస ఉండనే ఉంది. అదే పీవీ, అదే నంద్యాల, అప్పటికింకా ఆయనే ప్రధాని. ఈసారి ఎదురుగా భూమా నాగిరెడ్డి. మెజారిటీ లక్ష దాటలేదు.

పార్టీ గడి గురించి ఒక్క మాట. ఎస్పీవై రెడ్డి 2004, 2009లో కాంగ్రెస్ నుంచి, 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి గెలిచారు, 2014 ఫలితాలు రాగానే తెలుగుదేశం వైపు వెళ్లిపోయారు, 2019లో జనసేన నుంచి పోటీ చేశారు. కాబట్టి గెలిచిన రోజున ఉన్న పార్టీ ఒక గడిలో, తర్వాత మారితే ఆ పార్టీ పక్క గడిలో రాయండి, రెండూ కలిపేస్తే పదేళ్ల తర్వాత మీ రాత మీకే అర్థం కాదు.

ఇంటిపని. 2024లో ఇందౌర్‌లో బీజేపీ అభ్యర్థికి 11 లక్షల 75 వేల మెజారిటీ వచ్చింది, అక్కడ నోటాకే 2 లక్షల 18 వేలకి పైగా ఓట్లు పడ్డాయి, రెండో స్థానంలో ఉన్న అభ్యర్థికి అంతకన్నా చాలా తక్కువ. “ఎవరు లేరు?” గడిలో ఏం రాస్తారో వెతికి రాయండి. తర్వాత మీ సొంత సీటు తీసి, అన్నిటికన్నా పెద్ద మెజారిటీ ఉన్న వరసకి ఇదే పని చేయండి. వచ్చే పాఠంలో నంద్యాల ఎంపీ సీటు కింద ఉండే అసెంబ్లీ సీట్లలో 2009 నుంచి ఆత్మకూరు, కోయిలకుంట్ల పేర్లు ఎందుకు కనపడవో, శ్రీశైలం, బనగానపల్లె ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం, దానికి పాత జిల్లా మ్యాపు ఒకటి దగ్గర పెట్టుకోండి.