పొగడ మొక్క వేసేవాళ్ళకు ఓ లైన్‌మన్ మాట

లైన్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాను. చెట్లతో నా పరిచయం ఎక్కువగా కత్తితోనే. తీగలకు తగిలే కొమ్మలు కొట్టడం, తుఫాను పోయాక రోడ్డుకు అడ్డం పడ్డవాటిని తీయించడం. 2010లో లైలా కానీ, 2023లో మిచౌంగ్ కానీ, మా ఒంగోలు వైపు గాలి లేచిందంటే ముందు విరిగేది తురాయి కొమ్మే. పొగడ అలా కాదు. నిదానంగా పెరుగుతుంది, చెక్క గట్టిది, ఏడాదంతా ఆకు ఉంటుంది. ఇంటి ముందు ఏం వేయాలని ఎవరడిగినా పొగడ అనే చెప్తాను. "ఎప్పుడు పూస్తది మామా?" అంటారు వెంటనే. గింజ మొక్కయితే ఐదారేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. ఆ మాటకే సగం మంది గన్నేరుకు మళ్ళిపోతారు.

గుంట తీసేముందు తల పైకెత్తి చూడండి. పైన తీగలుంటే అక్కడ వద్దు. ఇప్పుడు మోకాలెత్తు మొక్కే, వదిలేస్తే 40 అడుగులు దాటుతుంది. అప్పుడు మాలాంటివాళ్ళు వచ్చి నడినెత్తిన కొట్టేస్తారు, చెట్టు మళ్ళీ ఆ రూపానికి రాదు. గోడకు 15 అడుగులన్నా ఎడం ఇవ్వండి.

గుంట రెండున్నర అడుగుల లోతు, అంతే వెడల్పు. మట్టి సంగతి మాత్రం ఊరిని బట్టే. టంగుటూరు, కొండపి వైపు నల్లరేగడిలో నీళ్ళు నిలిచి వేరు కుళ్ళుతుంది కాబట్టి ఇసుక, ఎర్రమట్టి కలిపి మొక్కను కాస్త మిట్టగా పెట్టాలి. సముద్రం వైపు ఇసుక నేలల్లో నీళ్ళు నిలవవు, చెరువు మట్టి వేయాలి. కనిగిరి, పొదిలి ఎర్రనేలల్లో బాగా మాగిన పశువుల ఎరువు రెండు తట్టలు చాలు. పచ్చి పేడ ఎక్కడా వద్దు.

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆగస్టు చివర్లో నాటితే ఆలోపు వేరు పట్టుకుంటుంది. నర్సరీలో పొడుగ్గా సాగిన మొక్కకు ఆశపడొద్దు, పొట్టిగా కాండం లావుగా ఉన్నది తీసుకోండి. సంచి అడుగున వేళ్ళు చుట్టలు చుట్టుకుని ఉంటే ఆ చుట్టను బ్లేడుతో కోసి నాటండి.

మొదటి మూడు వేసవులు దాటించడమే అసలు పని. రోజూ చెంబెడు పోస్తే వేరు పైపైనే తిరుగుతుంది. కాండానికి రెండడుగుల దూరంలో పాదు చేసి, వారానికి రెండుసార్లు రెండేసి బకెట్లు పోయండి. బోరు నీళ్ళు ఉప్పనైతే ఆకు కొసలు మాడతాయి. వాన పడ్డప్పుడు పాదు నిండేలా వాలు చేసుకుంటే ఆ ఉప్పు కొంత కిందికి దిగుతుంది. రాలిన ఆకును ఊడ్చి తగలబెట్టకండి, పాదులోనే పడనివ్వండి.

ఇక కొమ్మలు. ఎండుకొమ్మ ఎప్పుడైనా తీయొచ్చు. పచ్చికొమ్మ తీయాలంటే సంక్రాంతి దాటాక. పెద్ద కొమ్మను పైనుంచి ఒక్కటే కోత కోస్తే బరువుకు చీలి, కాండం మీది బెరడు కూడా పట్టుకొస్తుంది. అందుకని కాండానికి అడుగు దూరంలో ముందు కిందినుంచి మూడో వంతు కోయాలి. దానికి కాస్త అవతల పైనుంచి కోస్తే కొమ్మ శుభ్రంగా పడిపోతుంది. మిగిలిన మోడును కూడా కోసేయండి, కాండం దగ్గర ఉబ్బుగా కనిపించే మెడను మాత్రం వదిలిపెట్టండి. ఆ మెడే గాయాన్ని పూడ్చుకుంటుంది. సపోటా కుటుంబానిదే కాబట్టి పాలు కారతాయి, కంగారు అక్కర్లేదు. తారు, సున్నం పూయొద్దు.

చెట్టు పెద్దదయ్యాక దాని ప్రాణానికి ముప్పు మనమే. మొదలు దాకా గచ్చు చేస్తారు. చుట్టూ నాలుగడుగులు మట్టి వదలండి. బట్టల దండేనికి జీఐ తీగ (జింకు పూత వేసిన ఇనుప తీగ) బిగించి మరిచిపోతారు. కాండం లావెక్కేకొద్దీ అది బెరడులోకి దిగి ఆకుల నుంచి వేళ్ళకు తిండి అందకుండా చేస్తుంది.

ఆకుల మీద మసి పట్టినట్టు నల్లగా కనిపిస్తే కింది ఆకులు తిప్పి చూడండి. పొలుసు పురుగులుంటాయి, చీమలు బారులు తీరి ఎక్కుతుంటాయి. లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రం పూట కొట్టండి. పురుగు పోతే మసి మెల్లగా అదే పోతుంది.

పువ్వు కోయాల్సిన పని లేదు. తెల్లారేసరికి కింద రాలి ఉంటుంది. నడుమ సన్న బెజ్జం ఉంటుంది కాబట్టి సూది లేకుండా కొబ్బరి ఈనెతో గుచ్చేయొచ్చు. ఎండినా వాసన పోదు. పండ్లు నారింజ రంగుకు తిరిగాక పిల్లలు తింటారు, తీపి కంటే వగరే ఎక్కువ. మొక్కలు కావాలంటే గింజను గుజ్జు కడిగి వెంటనే సంచిలో పెట్టాలి, దాచిన గింజ సరిగా మొలవదు. మొలక రావడానికి నెల పైనే పట్టొచ్చు. రాలేదని సంచి దులిపేయకండి.