మొక్కలున్న అక్వేరియంలోకి పెద్ద చేపలను ఎంచుకోవడం ఎలా

మొక్కలు నాటిన అక్వేరియంలో అరచేతి పొడవు చేపలు పెంచడం కుదరదని ఒడిశాలోని బరంపురంలోనూ, పర్లాకిమిడిలోనూ చాలామంది నాతో అన్నారు. చేప పెద్దదైనంత మాత్రాన మొక్కలు చెడిపోవు. ఆకులు తినే చేప, కంకర తవ్వే చేప, గుడ్లు పెట్టడానికి చోటు చేసుకుంటూ మొక్కలను వేళ్లతో సహా పెకలించే చేప వాటిని పాడుచేస్తాయి. కాబట్టి కొనేముందు చేప ఏమి తింటుందో, అడుగున ఏమి చేస్తుందో తెలుసుకోవాలి. పూర్తిగా ఎదిగాక ఎంత పొడవుంటుందో ఆ తరువాత అడగాలి.

ఈ సంగతి నాకు సిల్వర్ డాలర్ చేపల వల్ల తెలిసింది. రూపాయి బిళ్లంత పిల్లలను ఆరింటిని తెచ్చాను. అవి శాంతంగా ఉంటాయని, వేరే చేపల జోలికి పోవని దుకాణంలో చెప్పిన మాట నిజమే. అయితే అవి ఆకులు మేసే చేపలని, సుమారు 15 సెంటీమీటర్లు ఎదుగుతాయని అక్కడ ఎవరూ చెప్పలేదు. వారం తిరిగేసరికి వాలిస్నేరియా మొక్క మొదళ్ల దాకా కొరికి ఉంది, అమెజాన్ స్వోర్డ్ ఆకుల్లో నడిమి ఈనె ఒక్కటే నిలిచింది, తెగిన ముక్కలన్నీ ఫిల్టర్ స్పాంజికి అతుక్కున్నాయి. టిన్‌ఫాయిల్ బార్బ్, జెయింట్ గౌరామి కూడా ఈ కోవలోనివే. ఆస్కార్ ఆకులు తినకపోయినా కంకర తవ్వి మొక్కలను పైకి తేలుస్తుంది. గోల్డ్ ఫిష్ తింటుంది, తవ్వుతుంది కూడా. పాచి తింటుందని అమ్మే సక్కర్ ఫిష్ 40 సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది, పెద్దదయ్యాక అమెజాన్ స్వోర్డ్ ఆకులను గీకి చిల్లులు పెడుతుంది. దానిని భరించలేక మహేంద్రతనయ నదిలోనో, ఊరి చెరువులోనో వదలడం మాత్రం ఎన్నడూ చేయకండి. అది అక్కడ పెరిగితే స్థానిక చేపలకు తిండీ, చోటూ దక్కవు.

నా అభిప్రాయంలో మొక్కల నడుమ మొదట పెంచవలసిన పెద్ద చేప ఏంజెల్. అమెజాన్ ప్రాంతంలో నీట మునిగిన కొమ్మల మధ్య, నిలువు కాడల మధ్య తిరగడానికి అనువుగా దాని శరీరం రెండు పక్కల నుంచి నొక్కినట్టు పలుచగా ఉంటుంది. శరీరం సుమారు 15 సెంటీమీటర్లే అయినా పై రెక్క కొస నుంచి కింది రెక్క కొస దాకా 20 సెంటీమీటర్లు దాటవచ్చు, అందుచేత ట్యాంకు ఎత్తు ఒకటిన్నర అడుగులకు తగ్గకూడదు. జత కుదిరిన ఏంజెల్స్ వెడల్పైన ఆకును ఎంచుకుని, నోటితో శుభ్రం చేసి, దాని మీద వరుసగా గుడ్లు అంటిస్తాయి. తరువాత రెండూ వంతులవారీగా రెక్కలతో నీరు విసురుతూ కాపలా కాస్తాయి. మొక్కలు లేని ట్యాంకులో ఆకు మీది ఆ దృశ్యం దొరకదు. ఎదిగిన ఏంజెల్ నోట్లో నియాన్ టెట్రా అనే చిన్న చేప పడుతుంది కాబట్టి ఆ రెంటినీ కలపవద్దు.

పర్ల్ గౌరామి సుమారు 12 సెంటీమీటర్లు ఎదుగుతుంది. పొట్ట కింద దారాల్లాంటి మీసరెక్కలతో ఆకులను తడుముకుంటూ నెమ్మదిగా కదులుతుంది, ఒక్క ఆకునూ చింపదు. పై గాలినీ పీల్చుకోగలదు కనుక మన ఎండాకాలానికి అది మంచి ఎంపిక. చురుకైన గుంపు కావాలనుకునేవారు 10 సెంటీమీటర్ల బోసెమాని రెయిన్‌బోలను ఆరింటికి తగ్గకుండా తీసుకోవచ్చు. డిస్కస్ అందమైనదే, కానీ 28 నుంచి 30 డిగ్రీల నీరు కోరుతుంది; ఆ వేడిని చాలా మొక్కలు తట్టుకోవు.

మిస్ కేరళ పేరుతో అమ్మే డెనిసన్ బార్బ్ 15 సెంటీమీటర్ల దాకా పెరిగే మన పడమటి కనుమల చేప. చల్లని, పారే నీరు దానికి ఇష్టం కాబట్టి కోరాపుట్ కొండల మీద ఉండేవారికి అది నప్పుతుంది, బరంపురం మే నెల వేడిలో అవస్థ పడుతుంది. ప్రకృతిలో అది అంతరించే ప్రమాదంలో ఉన్నందున, పెంపకంలో పుట్టిన పిల్లలనే అడిగి తీసుకోండి.

ఈ చేపలకు నాలుగడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న ట్యాంకు కావాలి. అందులో సుమారు 240 లీటర్ల నీరు, అంటే 240 కిలోల బరువు ఉంటుంది. బల్ల గట్టిదేనా అని ముందే చూసుకోవాలి. ఇందులో ఐదు ఏంజెల్స్, నాలుగు పర్ల్ గౌరామీలు సరిపోతాయి.

మన జిల్లాల్లో చేపలు ఎక్కువగా వేసవి తెల్లవారుజామున ఇబ్బంది పడతాయి. లీటరు నీటిలో 20 డిగ్రీల వద్ద సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల వద్ద ఏడున్నర మాత్రమే కరుగుతుంది. వెలుతురు లేనప్పుడు మొక్కలు కూడా ఆక్సిజన్‌నే వాడుకుంటాయి, పెద్ద చేపకు అది ఎక్కువ కావాలి. అందుకే రాత్రంతా ఎయిర్ పంపు నడపండి, కరెంటు పోయే ఊళ్లలో బ్యాటరీ పంపు దగ్గర ఉంచుకోండి.

మొక్కలు నాటిన నెల రోజులకు, వేళ్లు పట్టాక, చేపలను తెండి. అనూబియాస్, జావా ఫెర్న్ అనే మొక్కలను కంకరలో పాతిపెడితే కాండం కుళ్లుతుంది, వాటిని కర్రకు దారంతో కట్టాలి. దుకాణంలో చేపకు మేత వేయించి చూడండి. పొట్ట లోపలికి పోయినదీ, రెక్కలు ముడుచుకుని మూలన నిలబడినదీ వద్దు.